మెత్తబడిన టమాటాకు మిగిలిన పనులు

ఢిల్లీలో వీధి దీపాలు వెలిగే వేళకు కూరగాయల తోపుడు బండ్ల తీరు మారిపోతుంది. ఉదయం టమాటాలను గోపురాల వలె పేర్చి, నీళ్ళు చిలకరించి, ఎవరినీ ఏరుకోనివ్వని వర్తకుడే సాయంకాలానికి అడుగున మిగిలిన మెత్తని పండ్లను ఒక ప్రక్కకు త్రోసి సగం ధరకు పిలిచి మరీ ఇస్తాడు. "ఇవి రేపటికి ఉండవు మాతాజీ, రెండు కిలోలు పట్టుకుపొండి" అంటాడు. ఇల్లాలు ఒక్క క్షణం తటపటాయిస్తుంది. ధర చూస్తే చౌక; తీరా ఇంటికి తెచ్చిన తరువాత మరునాటికే సగం చెత్తబుట్ట పాలవుతాయేమోనని శంక. మునిర్కాలోనైనా, మయూర్ విహార్‌లోనైనా, నోయిడా, గురుగ్రామ్‌లలోని ఎత్తైన భవనాల గేట్ల ముందరనైనా ఈ సన్నివేశం నిత్యం కనిపించేదే.

ఆ శంక ఎంత వరకు న్యాయమైనదో చూడవలసి ఉన్నది. ఎందుకంటే ఇదే పండు కోసం ఇదే నగరం 2023వ సంవత్సరంలో బారులు తీరి నిలుచున్నది. ఆ జులైలో హిమాచల్ ప్రదేశ్‌లో కురిసిన కుండపోత వానలకు కొండదారులు తెగిపోయి, సోలన్ ప్రాంతపు సరుకు దిగుమతి తగ్గిపోయింది. దేశంలో పెక్కు చోట్ల కిలో టమాటా 200 రూపాయలు దాటింది. అప్పుడు జాతీయ సహకార వినియోగదారుల సమాఖ్య, నాఫెడ్ సంస్థలు మదనపల్లె, కోలారు, నారాయణగాఁవ్ మార్కెట్లలో సరుకు కొని, జులై 14 నుండి ఢిల్లీ పరిసరాల్లో వ్యానుల ద్వారా కిలో 90 రూపాయలకు విక్రయించాయి. రెండు రోజుల్లో ధర 80కి, జులై 20న 70కి, ఆగస్టు 15న 50కి, ఆగస్టు 20న 40కి దిగింది. సెప్టెంబరు నాటికి కథ పూర్తిగా తలక్రిందులైనది. కోత కూలి కూడా గిట్టక, ఆంధ్రలోను, మహారాష్ట్రలోను రైతులు పండ్లను రోడ్డు ప్రక్కన పారబోశారు.

రెండు నెలల వ్యవధిలో బంగారమూ, చెత్తా కాగలిగిన వస్తువు వేరొకటి వంటింట్లో లేదు. దీనికి కారణం టమాటా స్వభావంలోనే ఉన్నది. బియ్యం, పప్పు, చింతపండు కొట్లో కూర్చుని మంచి ధర కోసం నిరీక్షించగలవు. టమాటాకు ఆ ఓపిక లేదు.

మదనపల్లె నుండి ఢిల్లీకి రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. చిత్తూరు సీమ వారు దీనిని 'తక్కాళి' అంటారు. పాత నిఘంటువులు 'రామములగ' అన్న పేరు కూడ ఇస్తాయి. ఏ పేరున పిలిచినా, లారీ ఎక్కేనాటికి కాయ పూర్తిగా పండి ఉండదు. అడుగు భాగాన లేత గులాబి రంగు తొంగిచూడగానే కోసి పెట్టెలకెత్తుతారు. మిగిలిన పండటమంతా దారిలోనే జరుగుతుంది. టమాటా, అరటి, మామిడి మొదలైన పండ్లు కోసిన తరువాత కూడ పండుతూనే ఉంటాయి. ఇథిలీన్ అనే వాయువును అవి తమంతట తామే పుట్టించుకొని, తాము పండటమే గాక ప్రక్కనున్న కాయలను కూడ పండిస్తాయి. పెట్టెలో ఒక పండు ముందుగా ముదిరితే చుట్టుప్రక్కల కాయలన్నీ తొందరపడటానికి కారణం ఇదే. అటుపైన పండులోని ఎంజైములు కండను పట్టి ఉంచే పెక్టిన్‌ను కరగించివేస్తాయి. పండు మెత్తబడుతుంది, తొక్క ముడుతలు పడుతుంది, లోపలి రసం బయటికి దారి వెదకుతుంది.

ఢిల్లీకి వచ్చే సరుకులో అధిక భాగం ఆజాద్‌పూర్ మండీలో దిగుతుంది. తెల్లవారుజామున అక్కడి బురదలో అడుగుపెట్టిన వారికి, కాళ్ళక్రింద నలిగిపోయే టమాటా ఎంతో, బండి మీదికెక్కే టమాటా ఎంతో అన్న అనుమానం కలుగక మానదు. లుధియానాలోని కేంద్ర కోతానంతర సాంకేతిక పరిశోధన సంస్థ 2015లో వెలువరించిన అంచనా ప్రకారం, మన దేశంలో పండిన టమాటాలో నూటికి 12.44 పాళ్ళు కోత మొదలు దుకాణం వరకు గల దారిలోనే నష్టమవుతున్నది. ఇంటికి చేరిన తరువాత జరిగే నష్టం ఈ లెక్కలోనిది కాదు. ఆ రెండవ లెక్క ప్రతి గృహస్థు చేతిలోనూ ఉన్నది. ఈ వ్యాసం దానిని గూర్చియే.

మొదట తేల్చుకోవలసిన సంగతి ఒకటి: మెత్తబడటం వేరు, కుళ్ళటం వేరు. మిగులపండిన టమాటా ఎర్రగా, మెత్తగా ఉంటుంది. వాసన తియ్యగా, కొంచెం ఘాటుగా ఉంటుంది. తొడిమ వద్ద చిన్న పగులు ఉండవచ్చు. ఇది నిక్షేపంగా తినదగిన పండు. పైగా ఎరుపునిచ్చే లైకోపిన్ ఇటువంటి పండులోనే అధికం. నూనెలో మగ్గించి వండినప్పుడు శరీరం దానిని పచ్చిపండు కంటె బాగా గ్రహిస్తుంది. కుళ్ళిన పండు సంగతి అట్లా కాదు. తెల్లని, నల్లని లేక బూడిదరంగు బూజు పట్టినా, పులిసిన సారాయి వాసన వచ్చినా, నొక్కితే నురుగుతో కూడిన నీరు కారినా అది వంటకు పనికిరాదు. బూజు పట్టిన మేరకు కోసివేసి మిగతాది వాడుకునే అలవాటు చాలా ఇళ్ళల్లో ఉన్నది. గట్టి క్యారట్టుకో, క్యాబేజీకో అది చెల్లుతుందేమో గాని, నూటికి 94 పాళ్ళకు పైగా నీరే గల టమాటాకు చెల్లదు. కంటికి కనిపించని బూజు పోగులు మెత్తని కండలో దూరం పాకిపోయి ఉంటాయి; కొన్ని బూజులు పుట్టించే విషాలు వంట వేడికి కూడ లొంగవు.

పచ్చి టమాటాలను, సగం పండినవాటిని ఫ్రిజ్‌లో పెట్టరాదన్న మాట కూడ ఇక్కడే చెప్పుకోవాలి. 12 డిగ్రీల కంటె తక్కువ చలిలో కాయ సరిగా పండక, రుచి చచ్చి, బయటికి తీయగానే మచ్చలు పడుతుంది. పూర్తిగా పండి మెత్తబడుతున్నవాటిని మాత్రం రెండు మూడు రోజులు ఆపడానికి ఫ్రిజ్ పనికివస్తుంది. సాధారణంగా మన ఇళ్ళల్లో జరిగేది దీనికి విరుద్ధం: గట్టివి ఫ్రిజ్‌లోను, మెత్తనివి బుట్టలోను!

వర్తకుడు ఇచ్చిన రెండు కిలోలు ఇంటికి వచ్చినవనుకుందాం. ఆ రాత్రికి చారు, మరునాటికి పప్పు అనే రెండు దారులు ఏ తెలుగు ఇల్లాలికీ ఒకరు చెప్పవలసిన పని లేదు. మిగిలినవాటిని కడిగి, తొడిమలు తీసి, నీళ్ళు చేర్చకుండా స్టీలు గిన్నెలో మూతపెట్టి ఉడికించి, చల్లారిన తరువాత మెదిపి వడకట్టి, ఐసు ముక్కల పళ్ళెంలో పోసి గడ్డకట్టించవచ్చు. గడ్డలను సంచిలోకి మార్చుకుంటే మూడు నెలల పాటు కూరకొక రెండు ముక్కల చొప్పున వాడుకోవచ్చు. గిన్నె మాటను తేలికగా తీసుకోరాదు. పులుపును అల్యూమినియం పాత్రలో గాని, కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో గాని ఉంచితే లోహం రసంలోకి దిగుతుంది. వెనుకటి తరం వారు ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించి గాని చారు కాచేవారు కారు. ఇప్పుడు ఢిల్లీ వీధులలో కళాయివాలా కేక అరుదైపోయింది. అందుచేత ఆ గిన్నెలను అలంకారానికే ఉంచుకోవడం మంచిది.

నిలవ పచ్చడి దగ్గరకు వచ్చేసరికి సంగతి మరింత ఆసక్తికరంగా ఉంటుంది. పాశ్చాత్య దేశాలలో ఇంట టమాటాలను సీసాలలో భద్రపరచే వారికి అక్కడి ప్రభుత్వ సంస్థలు ఒక హెచ్చరిక చేస్తాయి. మిగులపండిన పండ్లను సీసాలకు వాడవద్దని, ఏ పండ్లను వాడినా నిమ్మరసం గాని, సిట్రిక్ ఆమ్లం గాని తప్పక కలపవలెనని ఆ హెచ్చరిక. పండు ముదిరిన కొద్దీ దానిలోని పులుపు తగ్గిపోతుంది. పులుపు చాలని చోట, గాలి చొరని సీసాలో, ప్రాణాంతకమైన విషాన్ని పుట్టించే సూక్ష్మజీవులు పెరిగే అవకాశం ఉన్నది. టమాటా సరిగ్గా ఆ సరిహద్దు మీద నిలిచిన పండు. పచ్చిగా ఉన్నప్పుడు క్షేమం వైపు, ముదిరిన కొద్దీ అవతలి వైపు జరుగుతుంది.

ఇప్పుడు మన నిలవ పచ్చడిని గమనించండి. పుల్లని పండుకు మళ్ళీ చింతపండు ఎందుకని ఉత్తరాది ఇరుగుపొరుగులు ఆశ్చర్యపడటం ఢిల్లీ తెలుగు ఇళ్ళల్లో తరచు జరిగేదే. రుచి కోసమని మనవాళ్ళు సమాధానం చెబుతారు. రుచితోబాటు చింతపండు చేసే పని ఇంకొకటి ఉన్నది. పండులో తగ్గిపోయిన ఆమ్లాన్ని అది తిరిగి నింపుతుంది. ఉప్పు నీటిని పట్టి ఉంచి సూక్ష్మజీవులకు అందకుండా చేస్తుంది. పైన తేలే నూనె గాలిని అడ్డి బూజును దూరంగా ఉంచుతుంది. ఏ ప్రయోగశాలా లేని వంటిళ్ళల్లో ఈ మూడూ ఎట్లా ఒకచోట చేరినవో ఆలోచించవలసిన విషయమే. కాబట్టి ఆరోగ్యం పేరు చెప్పి ఉప్పూ, నూనే సగానికి తగ్గించి, చింతపండు మానివేసి, దానిని నిలవ పచ్చడి అని పిలుచుకునే నవీన పద్ధతి మంచిది కాదు. తగ్గించదలచిన వారు తగ్గించుకోవచ్చు. కాని దానిని ఫ్రిజ్‌లో ఉంచి వారం రోజుల్లో ముగించాలి.

ఊరవేసి ఎండబెట్టే పాత పద్ధతికి గట్టిపండ్లు కావాలి. మెత్తనివి ముక్కకు నిలువవు. వీటికి ఉడికించే పద్ధతే తగినది. కిలో పండ్లకు నిమ్మకాయలంత రెండు ఉండల చింతపండు, తగినంత పసుపు వేసి, అడుగు మందమైన స్టీలు బాణలిలో నీరంతా ఇగిరి ముద్ద సగానికి సగం తగ్గేవరకు ఉడికించాలి. తొందరపడే వారికి ఇక్కడే పచ్చడి చెడుతుంది. గరిటెతో ముద్దను ప్రక్కకు త్రోస్తే ఖాళీ అయిన చోటికి నీరు తిరిగి పారరాదు. చల్లారిన ముద్దకు ఉప్పు, కారం, వేయించి పొడిచేసిన మెంతులు, ఆవాలు కలిపి, ఇంగువ, వెల్లుల్లి పోపుతో నువ్వుల నూనె ధారాళంగా పోయాలి. తడి తగలని జాడీ, తడి తగలని చెంచా అన్నవి తెలుగు వారికి చెప్పనక్కరలేని నియమాలు. ఢిల్లీలో మరొక చిక్కు ఉన్నది: జులై, ఆగస్టు నెలల ఉక్కలో గోడలకే బూజు పడుతుంది. ఆ రెండు నెలలూ జాడీని ఫ్రిజ్‌లో ఉంచడంలో నామోషీ ఏమీ లేదు.

ఈ నగరంలో టమాటా చౌకయ్యేది శీతకాలం చివరినుండి వేసవి మొదటి వరకు. హర్యానా, ఉత్తర ప్రదేశ్ పొలాల సరుకు అప్పుడు దగ్గరి నుండి వస్తుంది. బండివాడు 'దేశీ' అని, 'హైబ్రిడ్' అని రెండు కుప్పలు పోస్తాడు. గుండ్రంగా, పలుచని తొక్కతో, గీతలు పడి ఉండే దేశీ పండు పులుపులో దిట్ట; చారుకు దానికి సాటి లేదు. కాని ప్రయాణానికి ఓర్వదు, బుట్టలో రెండు రోజులు నిలువదు. కోలగా, గట్టిగా ఉండే హైబ్రిడ్ వారం రోజులు చెక్కుచెదరదు. ఆ గట్టిదనం కోసం అది రుచిలో కొంత వదులుకున్నట్లే ఉంటుంది. మే, జూన్ మాసాలలో వచ్చే పండ్లు ఎర్రబడక నారింజ రంగులోనే మిగిలిపోతే వర్తకుణ్ణి నిందించి ప్రయోజనం లేదు. వేడి 30 డిగ్రీలు మించితే కాయలో ఎర్రరంగు తయారుకావడం కుంటుపడుతుంది. అటువంటి పండు నారింజ రంగులోనే మెత్తబడుతుంది గనుక, రంగును నమ్ముకొని ఎదురుచూసేవారి చేతికి చివరకు కుళ్ళినదే మిగులుతుంది.

వంటకు పనికిరానంతగా నలిగిపోయి, ఇంకా బూజు పట్టని పండ్లకు మరొక పని ఉన్నది. పండుగకు ముందు పూజ సామగ్రి తోమే ఇళ్ళల్లో చింతపండు ఎంత ఖర్చవుతుందో అందరూ ఎరిగినదే. రాగి, ఇత్తడి వస్తువుల మీది నల్లని పొర ఆ లోహానికి, గాలికి మధ్య పుట్టిన ఆక్సైడు. ఆమ్లం దానిని కరగిస్తుంది. ఉప్పు ఆ పనిని త్వరపరుస్తుంది. టమాటాలోని సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు చింతపండంత తీవ్రమైనవి కావు. అందుచేత గుజ్జులో ఉప్పు కలిపి పట్టించి పది నిమిషాలు ఆగాలి, ఆ పైన కొబ్బరి పీచుతో రుద్ది కడిగి వెంటనే తుడవాలి. గంటల తరబడి వదిలివేస్తే ఇత్తడిలోని తుత్తునాగం ముందుగా కరగిపోయి, అక్కడక్కడ ఎర్రని రాగి మచ్చలు తేలుతాయి. మొరాదాబాద్ నుండి వచ్చే అలంకార వస్తువులలో చాలావాటికి పైన వార్నిషు పూత ఉంటుంది. వాటి జోలికి పోరాదు. వెండికి ఈ వైద్యం పనిచేయదు. దాని నలుపు గంధకంతో పుట్టినది. టమాటా పులుపుకు అది లొంగదు.

స్పెయిన్ దేశంలో బున్యోల్ అనే చిన్న పట్టణం ఉన్నది. 1945లో మొదలైన ఒక వేడుకలో భాగంగా, ఆగస్టు నెల చివరి బుధవారం నాడు అక్కడి వీధుల్లో జనం మిగులపండిన టమాటాలతో ఒకరినొకరు కొట్టుకుంటారు. గంటసేపటికి ఊరంతా ఎర్రని బురద అవుతుంది. తరువాత గొట్టాలతో కడిగితే వీధిరాళ్ళు మునుపటి కంటె శుభ్రంగా మెరుస్తాయని అక్కడివారు చెప్పుకుంటారు. ఇత్తడి చెంబు తోమిన వారికి ఆ మాట నమ్మశక్యం కానిదేమీ కాదు. అయితే 2023 సెప్టెంబరులో కర్నూలు రైతు రోడ్డు మీద కుమ్మరించినది కూడ ఇదే పండు. అక్కడ వేడుక లేదు.

ముఖ సౌందర్యానికి టమాటా గుజ్జు పూయమని పత్రికలు, ప్రసారాలు ఏనాటినుండో చెబుతున్నవి. ఆమ్లం చర్మాన్ని తాత్కాలికంగా బిగుతుగా ఉంచినట్లు అనిపింపజేస్తుంది. సున్నితమైన చర్మం గలవారికి మంట, దద్దురు కలిగిస్తుంది. చారులో వేసుకుంటే కలిగే మేలు ముందు ఇది లెక్కలోకి రాదు.

ఇక పెరడు. ఢిల్లీలో పెరడు అంటే చాలామందికి నాలుగు కుండీలు పట్టే బాల్కనీయే. విత్తనం తీయదలచిన వారు మొదట పండు జాతిని గమనించాలి. హైబ్రిడ్ పండు గింజలు మొలకెత్తుతాయి గాని, తల్లి గుణాలు అన్నీ రావు. ఒక మొక్కకు ఒక తీరున, మరొక దానికి మరొక తీరున కాస్తాయి. దేశీ రకాలకు ఈ చిక్కు లేదు. ఢిల్లీలోనే ఉన్న భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ 'పూసా రూబీ' అనే రకాన్ని రూపొందించింది. ఏటేటా గింజ దాచుకొని మళ్ళీ నాటుకోదగిన రకం అది. ఆ పేరులోని పూసా ఢిల్లీది కాదు. 1905లో ఆ సంస్థ పుట్టినది బీహారులోని పూసా గ్రామంలో. 1934 నాటి భూకంపంలో భవనం కూలిపోగా 1936లో దానిని ఢిల్లీకి తరలించారు. ఊరు పేరు సంస్థను అంటిపెట్టుకొని వచ్చి, ఇప్పుడు ఢిల్లీలోనే ఒక ప్రాంతానికి పేరై కూర్చున్నది.

విత్తనానికి మిగులపండిన పండే కావాలి. గింజ పూర్తిగా ముదిరేది అప్పుడే. ప్రతి గింజ చుట్టూ జిగురు సంచి ఒకటి ఉంటుంది. పండులో ఉండగానే మొలకెత్తకుండా గింజను ఆపేది ఆ జిగురే. అందుచేత గుజ్జుతో సహా గింజలను ఒక గాజు గ్లాసులోకి పిండి, కొంచెం నీరు కలిపి, గుడ్డ కప్పి రెండు మూడు రోజులు ప్రక్కన పెట్టాలి. పైన తెల్లని తెట్టు కట్టి దుర్వాసన వేస్తుంది. భయపడనక్కరలేదు, పులియడంలో జిగురు విడిపోతున్నదన్నమాట. నీళ్ళు పోసి కడిగితే గట్టి గింజలు అడుగుకు చేరుతాయి, తాలు గింజలు తేలిపోతాయి. కాగితం మీద ఆరవేస్తే అంటుకుంటాయి గనుక పింగాణీ పళ్ళెం మీద, నీడలో ఆరనివ్వాలి. పొడిగా, చల్లగా దాచిన గింజ నాలుగేండ్ల వరకు మొలుస్తుంది. వాసన తట్టుకోలేని ఇంటివారిని మాత్రం ముందుగా హెచ్చరించడం మంచిది.

మిగిలిన తొక్కలు, గుజ్జు, నిజంగా కుళ్ళినవి, బూజు పట్టినవి ఎక్కడికి పోవాలన్నది ఈ నగరంలో చిన్న ప్రశ్న కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ప్రకటించిన నివేదిక, భారతదేశంలో ఇండ్లలో పారవేసే ఆహారం తలకు ఏటా 55 కిలోలని అంచనా వేసింది. ఢిల్లీలో అటువంటి చెత్త పోయి చేరే చోట్లలో ఘాజీపూర్ ఒకటి. 1984లో ప్రారంభమైన ఆ చెత్తదిబ్బ 2002 నాటికే నిండిపోయింది. అయినా పోయడం ఆగలేదు. 2019లో దాని ఎత్తు 65 మీటర్లు. కుతుబ్ మీనార్ 73 మీటర్లు. 2017 సెప్టెంబరు 1వ తేదీన వానకు తడిసిన ఆ కొండలో ఒక భాగం విరిగి క్రింది రోడ్డు మీద పడగా, వాహనాలు ప్రక్కనున్న కాలువలోకి కొట్టుకుపోయి ఇద్దరు మరణించారు. గాలి చొరని లోతులలో కూరగాయల తుక్కు కుళ్ళినప్పుడు మీథేన్ వాయువు పుడుతుంది. 2022లోను, 2024లోను ఘాజీపూర్ దిబ్బ అంటుకొని తూర్పు ఢిల్లీ మీద పొగ కమ్మినప్పుడు, ఆ మంటకు వంటింటి తడి చెత్తే చాలావరకు ఇంధనం. తడిచెత్త, పొడిచెత్త, హానికరమైన చెత్త అని ఇంటివద్దనే మూడుగా వేరుచేయాలని 2016 నాటి నిబంధనలు ఆదేశించినవి. గేటు వద్ద రెండు రంగుల డబ్బాలు పెట్టి, లోపలి చెత్తను ఒకే బండిలో పోసుకుపోయే దృశ్యం చూసినవారు నిబంధనల మీద ఆశ వదులుకోవడంలో తప్పు లేదు. కాని బాల్కనీలోని కుండకు ఆ బండితో పని లేదు.

ప్రక్కల నాలుగు రంధ్రాలు పొడిచిన పెద్ద మట్టికుండ, మూత, ఒక సంచెడు ఎండుటాకులు ఇందుకు చాలు. టమాటా ఒక్కదానినే కుండలో నింపితే రెండు రోజులకు ముక్కు మూసుకోవలసిన ద్రవం తయారవుతుంది. అది నీటి పండు. ఆ నీటిని పీల్చడానికి, మధ్య గాలి ఆడటానికి పొడి పదార్థం ఉండాలి. ఒక పాలు తడి తుక్కుకు రెండు పాళ్ళు ఎండుటాకులు, పైన ఒక గుప్పెడు పాత మట్టి చొప్పున వరుసలు వేసుకుంటూ పోయి, నాలుగు రోజులకొకసారి కర్రతో కదపాలి. పిడికెడు తీసి పిండితే చేయి తడి కావాలి గాని నీరు కారరాదు. రెండు మూడు నెలలకు నల్లని, పొడిపొడిగా ఉండే ఎరువు తయారవుతుంది. కొత్తవాన మట్టి వాసన వేస్తే పక్వమైనట్లు.

ఢిల్లీ వాతావరణం ఇక్కడ ఒక ఉపకారం చేసింది. ఇక్కడ వేప, రావి వంటి చెట్లు ఆకు రాల్చేది చలికాలంలో కాదు; ఫిబ్రవరి, మార్చి నెలలలో, ఫాల్గుణం నుండి చైత్రం వరకు. సరిగ్గా టమాటా చౌకై, బుట్టల అడుగున మెత్తబడి మిగిలే రోజులవి. తడిదీ, పొడిదీ ఒకే సమయంలో ఉచితంగా చేతికందుతున్నవి. ఆ ఆకులను ఊడ్చి ప్రోగుచేసి అగ్గిపెట్టడం కాలనీలలో చిరకాలపు అలవాటు. 2015 ఏప్రిల్‌లో జాతీయ హరిత ధర్మాసనం బహిరంగంగా ఆకులు, చెత్త తగులబెట్టడాన్ని నిషేధించి, ఉల్లంఘించిన వారికి 5,000 రూపాయలు విధించాలని ఆదేశించింది. ఊడ్చే మనిషిని అడిగితే రెండు గోతాల ఆకులు సంతోషంగా గుమ్మం ముందు పెట్టి పోతాడు. అతనికి మోత తప్పుతుంది.

ఈ సందర్భంలో రెండు జాగ్రత్తలు. కుళ్ళిన పండ్లను నేరుగా టమాటా మొక్కల మొదట్లో పాతిపెడితే బలమని కొందరు చెబుతారు. బలం సంగతి ఎట్లా ఉన్నా, ఆకుమచ్చ తెగులు, వడలు తెగులు వంటి వాటి బీజాలను మళ్ళీ అదే కుటుంబపు మొక్కకు అందించినట్లవుతుంది. తెగులు సోకిన పెరటి కాయలను కుండలో కూడ వేయరాదు. చిన్న కుండలో తెగులు బీజాలు చచ్చేంత వేడి పుట్టదు. అదే కారణం చేత గింజలు కూడ చావవు. ఆ ఎరువు వేసిన ప్రతి కుండీలోను, తులసికోటలోను, గులాబీ మొదట్లోను టమాటా మొలకలు నిలబడతాయి. మనిషి కడుపులో జీర్ణం కాక మురుగునీటి శుద్ధి కేంద్రాల గట్లమీద సైతం మొలిచే మొండి గింజ అది. పీకివేయడం కష్టం కాదు గాని, నాలుగింటిని ఉంచి చూడాలన్న కుతూహలం చాలామంది ఆపుకోలేరు.

చిన్న చిన్న ఈగలు కుండ చుట్టూ మూగితే పైన ఇంకొక వరుస ఎండుటాకులు కప్పాలి. అప్పటికీ వంటింట్లో తిరిగే వాటికి మెత్తని టమాటాయే ఎర. ఒక గ్లాసులో నలిపిన ముక్క, కొంచెం వినెగరు, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బునీరు వేసి, కాగితాన్ని గరాటు వలె చుట్టి సన్నని మొన లోపలికి ఉండేటట్లు అమర్చితే, వాసనకు దిగిన ఈగకు బయటికి దారి తెలియదు. సబ్బు వల్ల ద్రవం మీద నిలువలేక మునిగిపోతుంది. రెండు రోజులకొకసారి గ్లాసు మార్చాలి. లేకపోతే ఎర కాస్తా వాటి పురిటిల్లు అవుతుంది.

దాచిన గింజలను ఢిల్లీలో రెండు కాలాలలో పోయవచ్చు. వానలు వెనుకబడుతుండగా ఆగస్టు, సెప్టెంబరులలో పోసిన నారును నెల రోజులకు నాటితే శీతకాలానికి కాపు వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల మంచు రాత్రులలో పాత చీర కప్పవలసి ఉంటుంది. నవంబరు, డిసెంబరులలో వెచ్చని చోట పోసి, జనవరి నెలాఖరున గాని ఫిబ్రవరిలో గాని నాటినది రెండవ కాపు. దీనికి గడువు తక్కువ. ఏప్రిల్ దాటి ఎండలు ముదిరితే పూత రాలిపోతుంది గాని పిందె పడదు. అప్పుడు నీళ్ళు ఎక్కువ పోసి లాభం లేదు. ఉన్న కాయలను కాస్త రంగు తిరగగానే కోసి, ఇంటిలోపల నీడపట్టున ఒక పండిన టమాటా ప్రక్కన బుట్టలో ఉంచితే నాలుగైదు రోజులలో పండుతాయి.